మోండాలో ఘటోత్కచుడు

చేతిలో ఉన్నది ఒక నలుపు తెలుపు స్టిల్. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు. 1957లో విజయా వారు తీసిన ‘మాయాబజార్’లోని ఘటోత్కచుడు, అంటే ఎస్.వి. రంగారావు. మీసం, కిరీటం, చేతిలో గద, పెళ్ళివారి వంటకాలన్నీ తనకోసమే వండారన్న ధీమా. సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక గల్లీలో, రేకుల షెడ్డు కింద, ఈ స్టిల్ 10 అడుగుల బొమ్మ కాబోతోంది. స్టిల్‌లో ఆయన నోట్లోకి ఎగిరొచ్చే లడ్డూలు బొమ్మలో ఉండవు. వాటి చోట మోండా కూరగాయలు వస్తాయి. గుమ్మడికాయలు, పొట్లకాయలు, వంకాయలు, గోంగూర కట్టలు వరసగా గాల్లో లేచి ఆయన నోట్లోకి పోతుంటాయి. వేయించుకుంటున్నది ఒక భోజన హోటలు. వేలాడేది సజ్జా కింద, రోడ్డుకు ఎదురుగా. ఆషాఢంలో లష్కర్ బోనాలకు ముందే కావాలని షరతు.

పెయింటర్‌ది సినిమా బ్యానర్ల చెయ్యి. మనోహర్, నటరాజ్, సంగీత్ లాంటి సికింద్రాబాద్ థియేటర్ల ముందు చేతిబొమ్మలు నిలబడ్డ రోజుల్లో పని నేర్చుకున్నాడు. ఫ్లెక్సు వచ్చాక షాపు బోర్డులు, బడి గోడలు, లారీల వెనక అక్షరాలు రాసి నెట్టుకొచ్చాడు. కొన్నేళ్ళుగా మాత్రం అడిగినవాళ్ళందరికీ ఘటోత్కచుణ్ణే వేసిస్తున్నాడు. రేతిఫైల్ బస్టాండులో కిటికీ సీటుకు రుమాలు వేస్తున్న ఘటోత్కచుడు, ఇరానీ హోటల్లో సాసర్లో చాయ్ పోసుకుంటున్న ఘటోత్కచుడు, స్టేషన్లో తన గద తూకం వేయించుకుంటున్న ఘటోత్కచుడు. ఒకే విషయాన్ని పట్టుకుని వేలాడటం చిత్రకళలో వింతేమీ కాదు. తోట వైకుంఠం దశాబ్దాలుగా తెలంగాణ స్త్రీల దగ్గరే ఉన్నారు. బొంబాయిలో 1930లలో సినిమా హోర్డింగులు గీసి బతికిన ఎం.ఎఫ్. హుసేన్, ముసలితనంలో మాధురీ దీక్షిత్‌ను వరసపెట్టి గీసి, 2000లో ఆమెతో ‘గజగామిని’ సినిమాయే తీశాడు. హైదరాబాద్‌లో పెట్టిన ప్రదర్శనశాలకు ‘సినిమా ఘర్’ అని పేరు పెట్టుకున్నాడు. మోండా పెయింటర్ తన సంగతి ఒక్క మాటలో తేలుస్తాడు: “ఎన్నిసార్లేసినా బోరు కొట్టనోడు ఆయనొక్కడే.”

పని చట్రంతో మొదలవుతుంది. 2 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న సన్న కర్రలు కావాలి. వీటినే రీపర్లంటారు. 8 అడుగుల అడ్డం, 10 అడుగుల నిలువు చుట్టూ తిరిగితే 36 అడుగులు. నడుమ ఒక అడ్డకర్ర, ఒక నిలువుకర్ర కలిపితే మరో 18. నాలుగు మూలల్లో బిగువు కోసం ఏటవాలుగా కొట్టే ముక్కలకు 6. మొత్తం 60 అడుగులు. అడుగు 20 రూపాయల లెక్కన 1,200. మూలలు సరిగ్గా కలిశాయో లేదో మూలమట్టంతో చూడడు. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు తాడు పట్టి కొలుస్తాడు. రెండు కొలతలూ ఒకటైతే చట్రం నిక్కచ్చిగా ఉన్నట్టు. గుడ్డ తగిలే వైపు రీపరు అంచును రందాతో కొద్దిగా వాలుగా చెక్కుతాడు. చెక్కకపోతే ఆ అంచు గుడ్డ వెనక నుంచి ఒత్తుకుని, బొమ్మ మీద నిలువునా గీత తేలుతుంది.

గుడ్డ జనరల్ బజార్ నుంచి వస్తుంది. చలువ చేయని ముతక నూలు గుడ్డ, పన్నా 54 అంగుళాలు, మీటరు 120 రూపాయలు. ఆరున్నర మీటర్లకు 780. చట్రం వెనక్కి మడిచే మూడేసి అంగుళాలు కలుపుకుంటే 102 అంగుళాల వెడల్పు కావాలి. అంటే రెండు పన్నాలు కుట్టాల్సిందే. తెలియనివాడైతే రెంటినీ పక్కపక్కన పెట్టి నడిమధ్యన కుడతాడు, ఆ కుట్టు తిన్నగా రంగారావు ముక్కు మీదికి వస్తుంది. పెయింటర్ ఒక పన్నాను మధ్యకు ఉంచి, రెండోదాన్ని నిలువునా సగానికి చించి చెరో పక్కన కుట్టిస్తాడు. గుడ్డ అంతే పడుతుంది, కుట్లు రెండవుతాయి, కానీ రెండూ ముఖానికి దూరంగా, కూరగాయల వైపు పోతాయి. పొట్లకాయ కింద కుట్టు ఎవడు వెతుకుతాడు?

బిగించడం మూలల నుంచి మొదలుపెట్టకూడదు. నాలుగు వైపులా నడిమధ్యన ఒక్కో మేకు కొట్టి, అక్కడి నుంచి ఇటు రెండు అటు రెండు చొప్పున మూలల దాకా వెళ్ళాలి. 2 అంగుళాలకొక చిన్న మేకు, మొత్తం 216. గుడ్డను మరీ లాగకూడదు. తడి తగిలాక అదే ముడుచుకుని బిగుస్తుంది. ముందే బిగించేస్తే ఆ లాగుడుకు చట్రం మెలి తిరుగుతుంది.

రాత్రి నానబెట్టిన సరేసు తెల్లారేసరికి ఉబ్బి మెత్తబడి ఉంటుంది. సరేసు అంటే పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసే బంక. కోస్తా వడ్రంగులు దీన్నే వజ్రం అంటారు. 100 గ్రాములకు లీటరున్నర నీళ్ళు. దీన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు. నీళ్ళున్న గిన్నెలో డబ్బా దించి కాచాలి. వేడి 60 డిగ్రీల దగ్గర నిలవాలి. వేలు పెడితే చురుక్కుమనాలి గాని బుడగ లేవకూడదు, మరిగిందంటే బంకలో పట్టు చచ్చిపోతుంది. గోరువెచ్చగా ఉండగానే 4 అంగుళాల బ్రష్షుతో గుడ్డంతా పూస్తాడు. ఈ పూత ఎందుకంటే, అవిసె నూనె రంగు నేరుగా నూలును తాకితే ఏళ్ళు గడిచేకొద్దీ దారాన్ని కాల్చినట్టు పెళుసు చేస్తుంది. నూనెకూ నూలుకూ మధ్య ఈ సన్నని పొర ఉండాలి. థియేటర్ బ్యానరుకు ఇంత శ్రద్ధ పెట్టేవారు కాదు. ఆడినన్ని రోజులు నిలిస్తే చాలు, సినిమా ఎత్తేశాక అదే గుడ్డ మీద తెల్లరంగు కొట్టి కొత్త హీరోను దించేవారు. మరీ పాతబడితే ఏదో ఒక దుకాణానికి నీడ గుడ్డ అయ్యేది. హోటలు బొమ్మ పదేళ్ళుండాలి.

తర్వాతది అస్తరు, అంటే రంగుకు ముందు వేసే తెల్ల పూత. మిగిలిన సరేసు నీళ్ళలో 2 కిలోల సుద్దపొడి, అర కిలో జింకు తెలుపు, 50 మిల్లీలీటర్ల కాచిన అవిసె నూనె. పల్చబడితే నీళ్ళు కారినట్టు కారుతుంది, చిక్కనైతే ఆరాక పగులుతుంది. దోసెల పిండి జారు సరిపోతుంది. మొదటి కోటు నిలువుగా, రెండోది అడ్డంగా. మే నెల ఎండకు ఒక్కో కోటు 3 గంటల్లో ఆరుతుంది. వాన పట్టిందా, రోజంతా తడితడిగానే ఉంటుంది. బోనాల షరతు ఉన్నా పెయింటర్ మే నెలలోనే పని ఎత్తుకోవడానికి కారణం ఇదే. ఆరాక 120 నంబరు ఉప్పు కాగితంతో చేత్తో తేలిగ్గా రుద్దుతాడు. మరీ నున్నగా చేయడు. గరుకు కొంత మిగలాలి, లేకపోతే రంగు జారిపోతుంది. సరేసు, సుద్ద, జింకు కలిపి 320 రూపాయలు.

ఇప్పుడు గళ్ళు. స్టిల్ మీద ట్రేసింగ్ పేపరు పరిచి రంగారావును దించుకున్నాడు. లడ్డూల చోట పెన్సిలుతో కూరగాయలు వేసుకున్నాడు. ఆ కాగితం మీద అంగుళానికొక గీత చొప్పున నిలువూ అడ్డం గీస్తే 80 గళ్ళు. గుడ్డ మీద అడుగుకొక గీత చొప్పున గీస్తే అక్కడా 80 గళ్ళే. అంగుళం అడుగవుతుంది, భిన్నాల లెక్క తగలదు. స్టిల్‌ను ఈ సైజులోనే ప్రింటు వేయించుకున్నది అందుకే. గుడ్డ మీద గీతలకు స్కేలు వాడరు. నీలిమందు పొడి అద్దిన నూలు దారాన్ని ఇద్దరు రెండు చివర్లా బిగబట్టి, మధ్యన పట్టి లాగి వదులుతారు. టప్‌మని నీలం గీత పడుతుంది. దీన్ని దారం కొట్టడం అంటారు. నిలువు గీతలు 7, అడ్డగీతలు 9. పావుగంట పని. 1967లో బాపు ‘సాక్షి’తో పబ్లిసిటీ డిజైనర్‌గా మొదలైన ఈశ్వర్ లాంటివాళ్ళు మద్రాసులో అరచేతంత కాగితాల మీద కూర్చిన ముఖాలు, ఊరూరా థియేటర్ల ముందు మేడంత ఎత్తుకు లేచింది ఇలాంటి గళ్ళ మీదనే.

మూడడుగుల వెదురు పుల్ల చివర బొగ్గు ముక్క కట్టి గీస్తాడు. చేతికి దగ్గరగా గీస్తే చూపు ఆ గడి దాటి పోదు, పుల్ల పట్టుకుంటే మూడు గళ్ళు ఒకేసారి కనబడతాయి. ముఖం మూడు గళ్ళ ఎత్తు. కానీ నుదురూ కిరీటం దగ్గరకొచ్చేసరికి కాగితం చెప్పినదానికన్నా రెండంగుళాలు ఎక్కువ ఇస్తాడు. బొమ్మ 12 అడుగుల ఎత్తున వేలాడుతుంది, కింద నుంచి చూసేవాడికి పైభాగం కుదించుకుపోతుంది. ఆ కోతను ముందే పూడ్చి పెడతాడు. గీత పూర్తయ్యాక పాత గుడ్డతో దులిపితే బొగ్గు సగం రాలిపోయి లేత జాడ మిగులుతుంది. దాని మీద ఎర్రమట్టి రంగును టర్పెంటైన్‌లో పల్చగా కలిపి గీతను ఖాయం చేస్తాడు.

ఇంత ఎత్తు బొమ్మను షెడ్డులో నిలబడి సరిచూడటం కుదరదు. మధ్యాహ్నం రెండింటికి బేరాలు పల్చబడ్డాక, కుర్రాడూ తనూ చట్రం ఎత్తుకొచ్చి గల్లీ మొదట్లో ఆనిస్తారు. పెయింటర్ తోపుడు బండ్ల మధ్యగా గల్లీ ఆ చివరికి నడుస్తాడు. 60 అడుగులు. హోటలుకు ఎదురుగా రోడ్డు అవతలి పేవ్‌మెంటు కూడా దాదాపు అంత దూరమే. అక్కడ నిలబడి కళ్ళు సగం మూస్తాడు. తర్వాత బొమ్మకు వీపు పెట్టి, జేబులోంచి చిన్న అద్దం తీసి భుజం మీదుగా చూస్తాడు. రోజంతా చూసి కళ్ళకు అలవాటైపోయిన తప్పు అద్దంలో తిరగబడగానే బయటపడుతుంది. ఎడమ కన్ను అర అంగుళం కిందికి దిగింది. వచ్చి సరిచేస్తాడు.

రంగులు డబ్బాల్లో కొనడు. రాణిగంజ్ నుంచి పొడులు తెస్తాడు. జింకు తెలుపు కిలోన్నర, నీలం, పసుపు, ఎరుపు, గులాబీ, ఎర్రమన్ను, ఆకుపచ్చ, దీపపు మసి, ఒక్కోటి 100 నుంచి 200 గ్రాములు. పొడులకు 1,400, లీటరున్నర కాచిన అవిసె నూనెకు 450, లీటరు టర్పెంటైన్‌కు 200. షాబాద్ బండ మీద పొడి పోసి, నడుమ గుంట చేసి నూనె చుక్కచుక్కగా వేస్తూ, అడుగు చదునుగా ఉన్న రాతితో గుండ్రంగా నూరతాడు. ఒక్కో రంగుకు 20 నిమిషాలు. కత్తితో ఎత్తితే తెగకుండా సాగాలి. పసుపు విషయంలో ఒక మార్పు వచ్చింది. పాత బ్యానర్ల మిలమిల అంతా క్రోమ్ యెల్లోది, అందులో సీసం ఉంటుంది. ఆ చేతులతోనే ఆ తరం అన్నం తిన్నది. ఇప్పుడు ఈయన సీసం లేని పసుపు వాడుతున్నాడు. కాస్త తక్కువ కప్పుతుంది, రెండుసార్లు వేయాలి. ఆ రెండోసారి కష్టం దండగేమీ కాదు.

మొదటి కోటు పల్చన. రంగులో నూనె తక్కువ, టర్పెంటైన్ ఎక్కువ. 3 అంగుళాల బ్రష్షుతో ముందు ముదురు చోట్లన్నీ నింపుతాడు. వెనక ఆకాశానికి ఊదా, ఒంటికి ఇటుక ఎరుపు, బట్టలకు ముదురు నీలం. ఒక్క పూటలో తెల్లగుడ్డ కనబడకుండా పోతుంది. పై కోట్లకు పోయేకొద్దీ నూనె పెరుగుతుంది. అవిసె నూనె నీళ్ళలాగా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పొర నిదానంగా గట్టిపడుతూ కదులుతుంటుంది. దాని మీద త్వరగా ఆరే పొర వేస్తే, కింది కదలికకు పైది చిట్లుతుంది. అందుకే పల్చనిది కింద, జిడ్డుది పైన. పని పొద్దున 7 నుంచి 11 వరకు, మళ్ళీ 3 నుంచి 6 వరకు. మధ్యలో రేకుల కింద నిలబడలేరు, రంగు కూడా నిలబడదు.

కూరగాయలు రెండు రోజులు పడతాయి. టోకు మార్కెట్ బోయిన్‌పల్లికి తరలిపోయినా చిల్లర బేరానికి మోండాలో దొరకని కూర లేదు. కాబట్టి మోడళ్ళకు కొదవ లేదు. పావు కిలో వంకాయలు, ఒక పొట్లకాయ, రెండు గోంగూర కట్టలు తెచ్చి స్టూలు మీద పెడతాడు. సాయంత్రానికి అవి ఇంటికి, కూరలోకి. బ్యానర్ షాపుల్లో ముఖాలు గురువుకు, బట్టలూ వెనక దృశ్యాలూ శిష్యులకు, అక్షరాలు మరొకరికి అని పంపకం ఉండేది. ఇక్కడా కుర్రాడికి కూరగాయలే. వంకాయకు నాలుగు దెబ్బలు. ముదురు ఊదాతో నిండుగా ఒకటి, కుడి అంచున నీలం ఒకటి, పొట్ట మీద లేత గులాబీ మెరుపు ఒకటి, తొడిమకు ఆకుపచ్చ ఒకటి. ఐదో దెబ్బ వేయబోతే గురువు చెయ్యి పట్టుకుంటాడు. దగ్గరినుంచి చూస్తే అది వంకాయలా ఉండదు, నాలుగు మరకల్లా ఉంటుంది. పక్క బండి మీద దొండకాయలమ్మే ఆమె కూడా దగ్గరినుంచే చూసి తప్పు పట్టింది: “ఏందన్నా, దొండకాయలు గింత దొడ్డుగుంటయా?” “రాక్షసుడు తినేటివి గదా అక్కా” అని పెయింటర్ జవాబు. నవ్వింది గాని ఒప్పుకోలేదు. గల్లీ చివరికి పోయి చూసొచ్చాక, కాకరకాయ మీద ముళ్ళు చాల్లేవని మరో తప్పు చెప్పింది. దాన్ని మాత్రం కుర్రాడు దిద్దాడు.

ఏడో రోజు ముఖం. కుర్రాడు బ్రష్షులు కడిగి అందివ్వడమే, మాట ఉండదు. స్టిల్‌లో ఉన్నవి మూడే: వెలుగు, నీడ, రెంటికీ నడుమ బూడిద. రంగెక్కడా లేదు. ‘మాయాబజార్’కు 2010లో కంప్యూటర్‌తో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. పెయింటర్ ఆ రంగుల్ని లెక్కలోకి తీసుకోడు. నలుపు తెలుపు సినిమాల కాలంలో స్టిల్ చూసి రంగు ఊహించింది బ్యానర్ పెయింటరే. జనం ఆ హీరో చొక్కాను మొదట రంగులో చూసింది తెర మీద కాదు, థియేటర్ ముందే.

దవడ కింద నీడకు గోధుమ రంగు వేస్తాడనుకుంటాం. ఆకుపచ్చలో ఊదా కలిపి వేస్తాడు. బుగ్గ మీద గులాబీ, దానికీ నీడకూ మధ్య ఇటుక ఎరుపు. వెలుగు పడే చోట్ల, అంటే ముక్కు మీద, నుదుటి ఎడమ పక్కన, పెదవి కింద, తెలుపులో నిమ్మపసుపు. నీడ వైపు చెవి అంచున సన్నగా నీలం. బ్రష్షుతో కలిపేయడు. పక్కపక్కన పెట్టి వదిలేస్తాడు. దగ్గర నిలబడితే దెబ్బలు తిన్న ముఖంలా ఉంటుంది. కలిపే పని 60 అడుగుల దూరానిది, చూసేవాడి కంటిది. ముందే కలిపేసి నున్నగా చేస్తే ఆ దూరానికి మసక ముద్దవుతుంది. ఫ్లెక్సు మీది ఫొటో రోడ్డు అవతలినుంచి చప్పగా కనిపించడానికి కారణాల్లో ఇదొకటని నా అభిప్రాయం.

మీసానికి నలుపు వాడడు. నలుపు ఒంటరిగా వేస్తే దూరానికి ముఖంలో గొయ్యి తీసినట్టుంటుంది. నీలంలో ఎర్రమన్ను కలిపితే దాదాపు నలుపంత ముదురు వస్తుంది, అయినా అందులో ప్రాణముంటుంది. మీసం మెలి మీద మెరుపు బ్రష్షుతో రాదు. సన్నని మెత్తటి ఉక్కు కత్తి అంచున తెల్లనీలం ముద్ద తీసుకుని, ఒకే విసురులో కింది నుంచి పైకి. రంగు మందంగా నిలుస్తుంది. తేడా వస్తే గోకేసి మళ్ళీ. రెండోసారికి కుదిరింది.

కళ్ళు చివరికి. తెల్లగుడ్డు తెలుపు కాదు, గులాబీ కలిసిన బూడిద. పైరెప్ప నీడ దాని మీద పడాలి. కనుపాప ఊదా గోధుమ. మొత్తం బొమ్మలో ఏదీ కలపని శుద్ధ తెలుపు పడేది రెండే చోట్ల, రెండు కళ్ళలోని మెరుపు. ఒక్కోటి అర అంగుళం. ఆ రెండు చుక్కలూ గడియారం 10 చూపే దిక్కున, రెండు కళ్ళలోనూ ఒకే చోట ఉండాలి. చూపు ఎటో తేల్చేది కనుపాప. స్టిల్‌లో ఆయన చూపు పైకి, ఎగిరొచ్చే లడ్డూ మీద. బొమ్మలో గుమ్మడికాయ మీదికి తిప్పాడు. కుడి కనుపాపను అంగుళం జరపడానికి పట్టిన సమయం గంటన్నర.

ఎనిమిదో రోజు అక్షరాలు. కింద అడుగు ఎత్తు పట్టీలో హోటలు పేరు, పసుపు మీద ఎరుపు, కుడి కింది వైపు నీలం నీడ. తలకట్లన్నీ ఒకే వాలులో ఉండాలని పైన ఒక దారం కొట్టుకుంటాడు. అక్షరాలకు గంట చాలు.

బొమ్మ షెడ్డులో పదిహేను రోజులు ఆరుతుంది. పల్చని చోట్లు మూడు రోజుల్లో చేతికంటవు. మీసం మీది ముద్ద గోరు దిగకుండా గట్టిపడటానికి పదిహేనూ కావాలి. దుమ్ము పడకుండా ముఖం గోడ వైపు తిప్పి, గాలి ఆడేలా జానెడు ఎడం వదిలి నిలబెడతారు. గల్లీలోకి ట్రాలీ ఆటో రాదు. తెల్లవారి అయిదింటికి, కూరగాయల బండ్లు అడ్డం పడకముందే, ఇద్దరు మోసుకుని రోడ్డు మీదికి తెస్తారు. చట్రం, గుడ్డ, రంగు కలిపి 22 కిలోల చుట్టుపక్కల. బరువు కన్నా గాలితోనే చిక్కు. 80 చదరపు అడుగుల గుడ్డ, దుమారం లేస్తే మనిషిని పక్కకు నెడుతుంది. హోటలు గోడకు పైన రెండు, కింద రెండు కొక్కేలు. పై అంచును గోడకు 6 అంగుళాలు ముందుకు వాల్చి కడతాడు. తిన్నగా కడితే ఆకాశపు వెలుగు నూనె రంగు మీద మెరిసి సగం ముఖం కనబడదు.

లెక్క ఇలా తేలుతుంది. రీపర్లు 1,200. గుడ్డ 780. సరేసు, అస్తరు 320. రంగులు, నూనెలు 2,050. మేకులు, ఉప్పు కాగితం, అరిగిన బ్రష్షులకు 300. కుర్రాడికి రోజుకు 900 చొప్పున నాలుగు రోజులకు 3,600. ఆటోకు 800. మొత్తం 9,050. చదరపు అడుగు 250 రూపాయలకు మాట్లాడుకున్న బొమ్మ 20,000. పెయింటర్‌కు మిగిలేది 10,950, ఎనిమిది రోజుల పనికి. ఇదే సైజు ఫ్లెక్సు అడుగు 12 రూపాయల లెక్కన 960కి, టీ తాగి వచ్చేలోపు చేతికొస్తుంది. హోటలాయనకు ఆ సంగతి తెలుసు, బేరంలో ఒకసారి అన్నాడు కూడా. పెయింటర్ తగ్గించలేదు.

బిల్లు కింద మూడు వరసలు చేత్తో రాసిచ్చాడు. సబ్బు నీళ్ళతో తుడవొద్దు, మెత్తటి పొడిగుడ్డతో దులిపితే చాలు. ఆరు నెలల దాకా వార్నిష్ పూయొద్దు, లోపలి నూనె ఇంకా ఆరుతూనే ఉంటుంది. తర్వాత తనే వచ్చి పూస్తాడు, ఆ ఖర్చు 600 వేరే.